మూడు లైన్ల ఫైలు

పదకొండు గంటలకు అప్పలరాముడు చచ్చిపోతాడని లోకనాథం పవర్‌పాయింట్ వేసి మరీ చెప్పాడు.

మొదటి స్లైడు మీద డిపార్ట్‌మెంట్ చిహ్నం గిర్రున తిరిగి వచ్చి నిలబడింది. రెండో స్లైడు మీద సముద్రం. మూడో స్లైడు మీద అప్పలరాముడి ఫొటో, పక్కన ‘అసెట్’ అన్న మాట. ఆ అసెట్ పోలిరాజుకి స్వయానా బావ. అక్క ఎరుకమ్మ మొగుడు.

"ఇప్పుడు టైమెంత సార్?" అన్నాడు పోలిరాజు.

"తొమ్మిదీ ఇరవై. ప్రశ్నలు చివర్లో."

పోర్ట్‌బ్లెయిర్ పక్కన ఆస్టినాబాద్‌లో ఆ మేడ మీది గదికి ‘కొబ్బరి పీచు అభివృద్ధి విభాగం’ అని బోర్డు ఉంటుంది. పీచు కోసం ఇంతవరకు ఎవరూ రాలేదు. లోపల దేశ రహస్యాలుంటాయి. వాటి కోసం కూడా పెద్దగా ఎవరూ రారు. లోకనాథం మెయిన్‌లాండ్ నుంచి బదిలీ మీద వచ్చి పద్నాలుగు నెలలైంది. తిరుగు బదిలీకి అర్జీలు రాయడమే ఇంతవరకు అతను చేసిన ఇంటెలిజెన్స్ పని. పోలిరాజు ఇక్కడే పుట్టాడు. తాత కాలంలో శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చిన చేపలవాళ్ళ కుటుంబం. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఏడుగురు పై అధికారుల్ని చూశాడు. ఏడుగురిలో ఒక్కడికీ ఈత రాదు.

నాలుగో స్లైడు. నల్లకళ్ళద్దాలు, తడి జుట్టు, పళ్ళన్నీ కనబడే నవ్వు.

"వీరేంద్ర. వండూర్‌లో ‘నీలి గవ్వ’ డైవింగ్ స్కూలు. అది కవర్. విదేశీ రింగుకి ఇక్కడ వీడే హెడ్డు. మన లోపలి మనిషి పొద్దున్నే కబురు పంపింది. సముద్రం అడుగున వాళ్ళ డ్రోన్ ఒకటుంది. మూడు నెలలుగా మన నేవీ షిప్పుల చప్పుళ్ళు రికార్డు చేసింది. ఇవాళ వీరేంద్ర ఆ రికార్డింగంతా శాటిలైట్ మీద అవతలికి పంపిస్తాడు. పదకొండింటికి డ్రోన్ తనంతట తనే పేలిపోతుంది. టైమర్ పెట్టేశారు. సరిగ్గా దాని పైనే అప్పలరాముడి డింగీ పడవ లంగరు వేసి ఉంది. అతను మనవాడని వాళ్ళకి తెలిసిపోయింది."

"డింగీ ఎక్కడుంది?"

"సముద్రంలో."

పోలిరాజు లోకనాథం మొహంలోకి చూశాడు. ఆ మొహంలో వేళాకోళం లేదు. ఉండడానికి తెలివి కావాలి.

అక్కడ ఫోను పనిచెయ్యదు. ఆ చోటు వీరేంద్ర ఒక్కడికే తెలుసు. నిన్న సాయంత్రం బావకి చెప్పింది పోలిరాజే. "వీరేంద్ర ఎక్కడ ఉండమంటే అక్కడే ఉండు బావా. ఏం జరిగినా లంగరు తియ్యకు" అన్నాడు. అప్పలరాముడు మాట ఇస్తే తప్పే మనిషి కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పోలిరాజు మాట విన్నవాడు అతనొక్కడే. ఆ పాపానికి ఇవాళ పేలిపోబోతున్నాడు.

"వీరేంద్రని లోపలేస్తే?"

"టైమర్ లోపల పడదుగా." తన జోకుకి తనే నవ్వుకుని లోకనాథం సొరుగులోంచి ఎలక్ట్రీషియన్లు వాడే మల్టీమీటర్ తీశాడు. "ఇది మీటర్ కాదు, జామర్. బటన్ నొక్కితే యాభై మీటర్ల లోపు శాటిలైట్ సిగ్నల్ కట్. నువ్వు ఇన్వర్టర్ మెకానిక్ కన్నబాబువి. వెళ్ళు, నొక్కు, రికార్డింగ్ బయటికి పోకుండా ఆపు. అదీ మిషన్."

"మా బావ?"

లోకనాథం ఐదో స్లైడు వేశాడు. దాని మీద ‘థాంక్యూ’ అని ఉంది.

* * *

వండూర్ దారిలో స్కూటరు మీద ఉండగా అక్క ఫోను చేసింది.

"ఒరే పోలీ! మీ బావ మూడింటికెల్లినాడు. గంజి కూడా తాగలేదు. నువ్వేటైనా పని సెప్పినావా?"

"లేదక్కా."

"అబద్దమాడితే నీ గొంతు సన్నబడిపోద్ది, నాకు తెల్దనుకున్నావేటి? మనిషొచ్చినాక ఇద్దరికీ ఉంది. ఫోను పెట్టు."

పెట్టాడు. దేశం కోసం అబద్ధమాడడంలో ఢిల్లీలో మూడు నెలలు ట్రైనింగిచ్చారు. ఎరుకమ్మ ముందు అది మూడు సెకన్లు కూడా నిలవదు.

వండూర్ మలుపులో కొబ్బరిబోండాల బండి దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. తెల్ల ప్యాంటు, మగవాళ్ళ తలలు తిప్పే నడుము, ఉప్పుగాలికి లొంగని సెంటు. ఆమె రాజకుమారి, వీరేంద్ర మేనేజరు. ఐదేళ్ళుగా వీరేంద్రకి పనిచేస్తోంది, మూడేళ్ళుగా డిపార్ట్‌మెంట్‌కి. ఇద్దరికీ నిజమే చెబుతుంది, చెరి సగం.

"ఇన్వర్టర్ నీళ్ళు తాగుతోందా దీదీ?" అన్నాడు పోలిరాజు. అది కోడ్.

"దానికి షుగరు భయ్యా, కాఫీయే తాగుతుంది," అంది రాజకుమారి. "ఈ కోడ్ ఎవరు రాశారు?"

"లోకనాథం సార్."

"మాలూమ్ పడ్‌తా హై, తెలుస్తూనే ఉంది."

బండివాడు చెట్టు కిందికి పోయి కూర్చున్నాక ఆమె గొంతు తగ్గించింది. టైము పదీ పది.

"డ్రోన్‌కి ఆర్డరిచ్చే బ్లాక్ విండో ఒకటుంది. వీరేంద్ర వేలు పెడితేనే తెరుచుకుంటుంది. గన్ చూపించి పెట్టమన్నావనుకో, ఎడమ వేలు పెడతాడు. ఎడమ వేలు పెడితే డ్రోన్ అక్కడికక్కడే ఢాం. సో, నో గన్."

"ఆర్డర్లు ఎన్ని?"

"మూడే. మెళ్ళో పెన్‌డ్రైవ్ వేసుకుని తిరుగుతాడు. అందులో ఒక టెక్స్ట్ ఫైల్, మూడు లైన్లు. మొదటిది అప్‌లోడ్. రెండోది హోమ్. మూడోది బరస్ట్, అంటే ఢాం. ఒక్కో లైన్లో ఇంత పొడుగు కోడ్. ఎవడు టైప్ చేస్తాడు? కాపీ, పేస్ట్."

"హోమ్ అంటే?"

"ఇంటికి రమ్మని. అది వెళ్ళిందంటే టైమర్ బంద్. మందుకి తాళం పడిపోతుంది. మా ర్యాంప్ చేరేదాకా డ్రోన్ ఇంకే ఆర్డరూ వినదు. సొంత ఇంటి ముందు పేలకూడదు కదా, అందుకని."

పోలిరాజు చేతిలోని మీటర్ వంక చూశాడు. బటన్ నొక్కితే అప్‌లోడ్ వెళ్ళదు. హోమ్ కూడా వెళ్ళదు. లోకనాథం మిషన్ విజయవంతమవుతుంది, ఎరుకమ్మ బొట్టు చెరుగుతుంది. మీటర్ని స్కూటరు డిక్కీలో పడేసి మూత వేశాడు.

"ఇప్పుడు అసలు సంగతి విను," అంది రాజకుమారి. "ఆ ఫైల్ తెరిచే పాత ఎడిటర్ ప్రోగ్రాం స్లో అని వీరేంద్ర గోల పెట్టాడు. పోయిన వారం కొత్త ఎడిటర్ వేశాను. పాతదాంట్లో ఏదీ సెలెక్ట్ చెయ్యకుండా కంట్రోల్ సి కొడితే ఏమీ జరగదు. అంతకు ముందు కాపీ చేసిందే అలా ఉంటుంది. కొత్తది వేరు. ఏదీ సెలెక్ట్ చెయ్యకపోతే కర్సర్ ఏ లైన్లో ఉందో ఆ లైన్ మొత్తం ఎత్తుకుంటుంది. చివర ఎంటర్‌తో సహా."

"ఎంటర్‌తో సహా అంటే?"

"బ్లాక్ విండోలో పేస్ట్ చేసేసరికే ఆర్డర్ వెళ్ళిపోతుంది. ఎంటర్ నొక్కే పని లేదు."

"వాడికి తెలుసా ఈ సంగతి?"

"హెల్ప్ పేజీ చదివే మొహమా అది?" రాజకుమారి పెదవి విరిచింది. "ఇంకో రోగం కూడా ఉంది. కాపీ ఒక్కసారి కొట్టడు. టక్ టక్ టక్, మూడుసార్లు. పేస్ట్ చేసే ముందు మళ్ళీ వెనక్కెళ్ళి ఇంకో మూడు. ఎవర్నీ నమ్మడు, కీబోర్డ్‌ని కూడా. స్క్రీన్ మాత్రం చూడడు."

పోలిరాజు ఒక్క క్షణం ఆలోచించాడు. "వాడు మొదటి లైను కాపీ చేశాక, రెండోసారి కాపీ కొట్టే లోపల, కర్సర్ ఒక లైను కిందికి దిగాలి."

"డౌన్ కీ. ఒక్కటంటే ఒక్కసారి. సెలెక్షన్ పోతుంది, కర్సర్ హోమ్ మీద పడుతుంది. రెండుసార్లు పడితే బరస్ట్. ఆ కీ ఉప్పుగాలికి పాడైంది, అప్పుడప్పుడు ఇరుక్కుంటుంది. ధ్యాన్ సే, జాగ్రత్త."

"నువ్వే నొక్కొచ్చుగా? పక్కనే ఉంటావు."

రాజకుమారి కళ్ళద్దాలు పెట్టుకుంది. "నేను ఎవరి వైపో ఇంకా తేల్చుకోలేదు భయ్యా."

* * *

నీలి గవ్వ ఆఫీసు గది గోడల నిండా వీరేంద్ర ఫొటోలే. వీరేంద్ర తాబేలుతో, వీరేంద్ర తెల్లదొరలతో, వీరేంద్ర వీరేంద్రతో. పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టిన తెలుగువాడే. ఇంగ్లీషు మాత్రం రెండు దేశాల యాసలో మాట్లాడతాడు, తెలుగు ఏ దేశం యాసలోనూ సరిగ్గా రాదు. సొంత ఊరి షిప్పుల చప్పుడు అమ్ముకునేవాడికి భాష ఎందుకు?

పదీ నలభై. పోలిరాజు ఖాకీ చొక్కాలో, జేబులో టెస్టరుతో, వెనక వరండాలో ఇన్వర్టర్ ముందు కూర్చున్నాడు. కిటికీలోంచి వీరేంద్ర వీపు, లాప్‌టాప్ స్క్రీన్ కనిపిస్తున్నాయి. రాజకుమారి గోడకి ఆనుకుని గోళ్ళ రంగు చూసుకుంటోంది.

పదీ యాభై ఐదుకి వీరేంద్ర మెడలోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. ఫైలు తెరుచుకుంది. తెల్ల తెర మీద మూడే మూడు లైన్లు. మొదటి లైను సెలెక్ట్ చేశాడు. నీలం రంగు పట్టీ పడింది. టక్ టక్ టక్. పక్కనే శాటిలైట్ పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతోంది.

పోలిరాజు ఇన్వర్టర్ వైరు పీకాడు.

పచ్చ దీపం ఆరిపోయింది. ఫ్యాను ఆగింది.

"అరే! క్యా కియా తూనే?" వీరేంద్ర కుర్చీలోంచి లేచాడు.

"నాను కాదు సాబ్, అర్తింగ్ పోనాది." వైరు మళ్ళీ తగిలించి, పోలిరాజు టెస్టరు పట్టుకుని గదిలోకి వచ్చాడు. "లాప్‌టాప్ ముట్టుకోకండి సాబ్. బాడీకి కరెంటు వచ్చేస్తాంది. మాయాబందర్‌లో మొన్న ఇలాగే ఒక క్లర్కు వేలు పెట్టినాడు. ఇప్పుడు ఎడం చేత్తో సంతకం పెడతన్నాడు."

వీరేంద్ర రెండు చేతులూ గుండెల మీద పెట్టుకున్నాడు. దేశాన్ని అమ్మడానికి భయపడని మనిషి, వేలికి షాకు కొడుతుందంటే గోడ దాకా జరిగాడు. శాటిలైట్ పెట్టె మళ్ళీ లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఎర్ర దీపం మిణుకుతోంది.

"జల్దీ కర్ యార్. టైం లేదు."

"అయిపోనాది సాబ్."

పోలిరాజు టెస్టరు మొనని లాప్‌టాప్ కుడి మూలకి ఆనించి, చిటికెన వేలితో డౌన్ కీ నొక్కాడు.

నీలం పట్టీ పోయింది. కర్సర్ రెండో లైనుకి దిగింది. వేలు తీశాడు. కీ పైకి రాలేదు. కర్సర్ మూడో లైనుకి జారి అక్కడ మిణకడం మొదలెట్టింది.

బరస్ట్.

అప్ కీ నొక్కాడు. కర్సర్ ఎక్కింది, మళ్ళీ జారింది. కింది కీ ఉప్పులో ఇరుక్కుని దిగబడే ఉంది. గోడ గడియారంలో పదీ యాభై ఆరు.  

"ఏం చేస్తున్నావు? దిఖా!" వీరేంద్ర ఒక అడుగు ముందుకేశాడు.

"షాక్ సాబ్, షాక్!"

ఆ అడుగు వెనక్కి పోయింది. పోలిరాజు టెస్టరు మొన డౌన్ కీ కింద దూర్చి ఒక్క పెకలింపు పెకలించాడు. కీ ఎగిరి బల్ల కింద పడింది.

"కీ ఊడగొట్టావురా, ఉల్లూ కే పట్టే!"

"దాంట్లోనే ఉంది సాబ్ కరెంటు. తీసీసినాను."

శాటిలైట్ పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. వీరేంద్ర వచ్చి పోలిరాజుని భుజంతో ఒక్క తోపు తోశాడు. తోసిన క్షణంలోనే పోలిరాజు వేలు అప్ కీ మీద ఉంది. నొక్కాడు. నొక్కాననుకున్నాడు. స్క్రీన్‌కి వీరేంద్ర వీపు అడ్డం వచ్చింది. కీ పడిందో లేదో, పడితే ఒక్కసారి పడిందో రెండుసార్లు పడిందో తెలియదు. మొదటి లైను మీదికెళ్ళి ఉంటే నేవీ రహస్యం పోతుంది. మూడో లైను మీదే ఉండిపోతే బావ పోతాడు.

పదీ యాభై ఎనిమిది. వీరేంద్ర కుడి చూపుడు వేలు పెట్టాడు. బ్లాక్ విండో తెరుచుకుంది. ఎడిటర్‌లోకి వెనక్కి వెళ్ళాడు. కళ్ళు గడియారం మీద. టక్ టక్ టక్. బ్లాక్ విండోలోకి వచ్చాడు. పేస్ట్.

లైను పడింది. పడ్డ మరుక్షణమే కింద ఇంకో లైను దానంతట అదే వచ్చింది. వీరేంద్ర వేలు ఎంటర్ మీదికి వెళ్తూ గాలిలో ఆగిపోయింది.

పోలిరాజు అతని భుజం మీదుగా తొంగి చూశాడు.

హోమ్. ఓకే. టైమర్ ఆఫ్. సేఫ్.

"నేను ఎంటర్ కొట్టలేదు," అన్నాడు వీరేంద్ర.

రాజకుమారి గోళ్ళ రంగు చూసుకుంటూనే ఉంది.

"రాజకుమారీ, నేను ఎంటర్ కొట్టలేదు! నేను కాపీ చేసింది అప్‌లోడ్! మూడుసార్లు చేశాను!" కంట్రోల్ జెడ్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. గుక్క తిప్పుకోకుండా పదిసార్లు కొట్టాడు. సముద్రం అడుగున కదిలిన డ్రోన్ అవేమీ పట్టించుకోలేదు. అప్‌లోడ్ లైను వెతికి తెచ్చి పేస్ట్ చేశాడు. ఇల్లు చేరేదాకా ఆర్డర్లు తీసుకోబడవని విండో మర్యాదగా చెప్పింది.

అప్పుడు తలెత్తి మెకానిక్‌ని చూశాడు. మెల్లగా అర్థమైంది. అర్థమయ్యాక చెయ్యి సొరుగులోకి పోయింది. సొరుగు ఖాళీగా ఉంది.

"దీని కోసమా బాస్?" అంది రాజకుమారి. పిస్టల్ ఆమె చేతిలో ఉంది. గురి వీరేంద్ర మీద ఉంది.

"ఇప్పుడు తేల్చుకున్నావా?" అన్నాడు పోలిరాజు.

"ఎవరు గెలుస్తారో తెలియకుండా తేల్చుకునేవాళ్ళు పాగల్ భయ్యా."

పోలిరాజు వీరేంద్ర చేతులు ఇన్వర్టర్ వైరుతోనే వెనక్కి విరిచి కట్టాడు. అవసరానికి మించి గట్టిగా బిగించాడు. "మా బావ బోటు ఎక్కడ నిలబెట్టావో చెప్పు."

"లాయర్ లేకుండా నేను..."

"ఆ వైరు ఇంకా ప్లగ్‌లోనే ఉంది."

వీరేంద్ర చెప్పాడు. అంకెలతో సహా, రెండుసార్లు, అడక్కుండానే.

* * *

ఒంటిగంటకు డ్రోన్ ఇంటికొచ్చింది. నీలి గవ్వ ర్యాంపు పక్కనే సముద్ర జాతీయ పార్కు జెట్టీ. అక్కడ లైఫ్ జాకెట్లు కట్టుకుని బోటు కోసం నిలబడ్డ నూటయాభై మంది టూరిస్టుల ఎదుట, మనిషి పొడుగు నల్లటి వస్తువు బుడబుడమని తేలింది. పిల్లలు డాల్ఫిన్ అన్నారు. ఒకాయన దానితో సెల్ఫీ తీసుకున్నాడు. గార్డు పరిగెత్తుకొచ్చి వేలితో తట్టి చూసి, ప్లాస్టిక్ బాడీ అని తేల్చి, పార్కులోకి ప్లాస్టిక్ తెచ్చినందుకు కేసు రాయడం మొదలెట్టాడు. ఆ రోజు వండూర్‌లో తన ఉద్యోగం తను సక్రమంగా చేసినవాడు అతనొక్కడే.

లోకనాథం రెండింటికి ఫోను చేశాడు. గొంతులో వాన వెలిసిన హాయి.

"జామర్ అద్భుతంగా పనిచేసిందని ఢిల్లీకి రాసేశాను. నీ పేరు కూడా పెట్టాను పోలిరాజూ, అనుబంధంలో."

"మా బావ బతికే ఉన్నాడు సార్."

"ఎవరు?" అన్నాడు లోకనాథం.

పోలిరాజు ఫోను కట్టేశాడు.

వీరేంద్ర చెప్పిన చోటికి మోటారు బోటులో చేరేసరికి మూడు దాటింది. అప్పలరాముడి డింగీ అలల మీద ఊగుతోంది. లంగరు తాడు బిగువుగా నీళ్ళలోకి దిగి ఉంది. అప్పలరాముడు తలకి తువ్వాలు చుట్టుకుని, మొహం ఎండకి మాడిపోయి, గెడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పోలిరాజు డింగీలోకి దూకి, వచ్చిన బోటుని పొమ్మన్నాడు.

"ఇప్పుడా వచ్చీది?" అన్నాడు అప్పలరాముడు.

"లంగరు తీసెయ్ బావా. పని అయిపోయింది."

"ఏటి పని? పొద్దున్నుంచి ఒక్క సేప లేదు. పదకొండింటికి కిందేటో గుర్రుమంది. ఉన్న నాలుగు సేపలూ ఎల్లిపోనాయి. నీ డిపార్ట్‌మెంటోల్లే సేసుంటారు. వాల్లకి సేపలంటే ఎందుకురా అంత కోపం?"

"ఏం గుర్రుమంది?"

"నన్నడుగుతావేటి! జాసూసువి నువ్వా నేనా?"

పోలిరాజు లంగరు తనే లాగాడు. తాడు చివర బురద, నాచు తప్ప ఏమీ లేవు. ఇంజను తాడు గుంజి, చుక్కాని పట్టుకుని వెనక కూర్చున్నాడు. అప్పలరాముడు అటు తిరిగి కూర్చుని మొదలుపెట్టాడు. పోలిరాజుని, అతని ఉద్యోగాన్ని, ఆ ఉద్యోగం ఇచ్చినవాణ్ణి, ఎండని, గంజి పొయ్యకుండా పంపిన ఎరుకమ్మని, ఇలాంటి బావమరిదిని కన్న అత్తని వరసగా తిట్టాడు. ఒకసారి వాడిన తిట్టు మళ్ళీ వాడలేదు.

వండూర్ ఒడ్డు కనబడేసరికి పోలిరాజు ఇంజను జోరు తగ్గించాడు. ఆ చప్పుడులో రెండు మూడు తిట్లు సరిగ్గా వినబడడం లేదు.